యాత్ర ఫోన్‌లోకి మారింది.. మరి చార్జింగ్ ఎవరి బాధ్యత?

హజ్‌కు, ఉమ్రాకు వెళ్లేవాళ్ల సామాను జాబితా చాలా ఏళ్లుగా పెద్దగా మారలేదు. ఎహ్రామ్, నడుముకు బెల్టు, హవాయి చెప్పులు, దుఆల పుస్తకం, బీపీ, షుగర్ మందులు, ఒక డబ్బాలో పచ్చడి. మారిందల్లా ఫోన్ స్థానమే. ఒకప్పుడు చేరామని ఇంటికి చెప్పడానికి అది పనికొచ్చేది. ఇప్పుడు అది లేకపోతే కొన్ని తలుపులే తెరుచుకోవు. మదీనాలో రౌజా షరీఫ్‌లోకి వెళ్లాలంటే నుసుక్ యాప్‌లో ముందుగా స్లాట్ తీసుకోవాలి. భారత ప్రభుత్వం 2024 మార్చిలో తెచ్చిన హజ్ సువిధ యాప్‌లో విమానం, బస, అత్యవసర సహాయం వివరాలు ఉంటాయి. గ్రూప్ లీడర్ ఇచ్చే ప్రతి కబురూ వాట్సాప్‌లోనే వస్తుంది. మందులు కొనుక్కోవాలన్నా, ఇంటి నుంచి డబ్బు వేయించుకోవాలన్నా ఓటీపీ కావాలి.

ఇన్ని పనులు ఒక్క ఫోన్ మీద పెట్టిన వ్యవస్థలు, ఆ ఫోన్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్న సంగతి మాత్రం అరవై ఏళ్లు దాటిన హాజీకే వదిలేశాయి. సరిగ్గా ఇదే సమయంలో విమానాల్లో పవర్ బ్యాంకుల మీద ఆంక్షలు గట్టిపడ్డాయి. ఈ రెండింటి మధ్య నలిగేది మన ఇళ్లలోని పెద్దవాళ్లే. అబ్బా, అమ్మీలను పంపించే పిల్లలు, శిక్షణ శిబిరాలు నడిపే పెద్దలు ఈ విషయాన్ని కాస్త సీరియస్‌గా తీసుకోవాల్సిన టైం వచ్చింది.

విమానంలో ఏం మారింది?

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే ఎయిర్‌పోర్టులో ఎయిర్ బుసాన్ విమానం బయల్దేరే ముందే తగలబడింది. లోపలున్న 176 మందినీ బయటికి తీసుకొచ్చారు, విమానం పైకప్పు కాలిపోయింది. పైన సామాను పెట్టే అరలో ఉన్న పవర్ బ్యాంకే కారణమై ఉండొచ్చని దర్యాప్తు అధికారులు తర్వాత చెప్పారు. ఆ మార్చి నుంచే కొరియా నిబంధనలు బిగించింది. ఏప్రిల్ 1 నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్ని ఆపేసింది. మనవాళ్లకు దగ్గరి సంగతి ఏమిటంటే, 2025 అక్టోబర్ 1 నుంచి ఎమిరేట్స్ కూడా అదే దారి పట్టింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా ఉమ్రాకు వెళ్లేవాళ్లు తక్కువేం కాదు కదా.

ఎమిరేట్స్ నియమం ప్రకారం మనిషికి ఒక్క పవర్ బ్యాంకే తీసుకెళ్లొచ్చు. అది 100 వాట్ అవర్లలోపు ఉండాలి. దాని సామర్థ్యం దాని మీదే ముద్రించి ఉండాలి. విమానంలో దానితో ఫోన్ చార్జ్ చేయకూడదు, విమానం కరెంటుతో దాన్నీ చార్జ్ చేయకూడదు. పైన అరలో పెట్టకూడదు, సీటు జేబులోనో, ముందు సీటు కిందనో చేతికి అందేలా ఉండాలి. కారణం సింపుల్. లిథియం బ్యాటరీ అంటుకుంటే మొదటి నిమిషాల్లోనే పట్టుకోవాలి, తలపైన బ్యాగుల మధ్య పొగ వస్తే కనిపెట్టేసరికే ఆలస్యమవుతుంది. ఇది పరాయి దేశాల గొడవ అనుకోవడానికీ లేదు. 2025 అక్టోబర్ 19న ఢిల్లీ నుంచి దిమాపూర్ వెళ్లాల్సిన విమానం రన్‌వే వైపు కదులుతుండగా ఒక ప్రయాణికుడి పవర్ బ్యాంకుకు నిప్పంటుకుంది. సిబ్బంది వెంటనే ఆర్పేశారు కాబట్టి సరిపోయింది.

ఏ ఎయిర్‌లైన్ అయినా మారని నియమం ఒకటుంది. పవర్ బ్యాంకు లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. ఇది తెలిసినవాళ్లు కూడా ఒకచోట దొరికిపోతారు. విమానం నిండిపోయినప్పుడు గేటు దగ్గర సిబ్బంది కొందరి చేతి బ్యాగులు తీసుకుని కింద కార్గోలో వేస్తారు. ఆ బ్యాగులోనే పవర్ బ్యాంకు ఉంటుంది. బ్యాగు ఇచ్చే ముందు తీసి చేతిలో పట్టుకోవాలని పెద్దవాళ్లకు ఇంటి దగ్గరే చెప్పి పంపాలి.

లెక్క ఇలా వేసుకోవాలి

మన దగ్గర పవర్ బ్యాంకు మీద ఎంఏహెచ్ అంకె పెద్దగా ఉంటుంది, విమానంవాళ్లు అడిగేది వాట్ అవర్లు. రెంటికీ సంబంధం కష్టమేమీ కాదు. ఎంఏహెచ్‌ను వెయ్యితో భాగించి 3.7తో గుణించాలి. 10,000 అంటే 37 వాట్ అవర్లు. 20,000 అంటే 74. 27,000 అంటే దాదాపు 100, అంటే గీత మీద నిలబడ్డట్టే. 30,000 అయితే 111, దానికి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 160 దాటితే ప్రయాణికుడి దగ్గర అసలు ఒప్పుకోరు.

ఇక్కడో తమాషా ఉంది. ఫుట్‌పాత్‌ల మీద మూడు, నాలుగు వందలకు అమ్మే కొన్ని పవర్ బ్యాంకుల మీద 50,000 అని అచ్చు వేసి ఉంటుంది. లోపల అంత ఉండదని కొన్నవాళ్లకూ తెలుసు, అమ్మినవాళ్లకూ తెలుసు. కానీ సెక్యూరిటీవాళ్లు చూసేది మీద రాసింది. ఆ లెక్కన అది 185 వాట్ అవర్లు, చెత్తబుట్టలోకే పోతుంది. అంకె చెరిగిపోయినా అదే గతి. బీఐఎస్ గుర్తు ఉన్నది, అంకె స్పష్టంగా కనిపించేది కొనడమే లాభం. బేరం ఆడి మిగిల్చిన రెండొందలు ఎయిర్‌పోర్టులో ఎలాగూ పోతాయి.

మరి ఎంత కావాలి? జిల్‌హజ్ 9, 10 తేదీల లెక్క చూస్తే తేలిపోతుంది. మినా డేరా వదిలి అరఫాత్‌కు పోతారు, సూర్యాస్తమయం దాకా అక్కడే. రాత్రి ముజ్దలిఫాలో ఆకాశం కింద, చాప మీద. తెల్లారాక జమరాత్ వైపు, ఆ తర్వాతే మళ్లీ డేరా. బస్సులు, రద్దీ కలుపుకుంటే 24 నుంచి 30 గంటలు. అరఫాత్ డేరాల్లో కొన్ని ప్లగ్ పాయింట్లు కనబడినా ఖాళీగా దొరుకుతాయన్న నమ్మకం లేదు. ముజ్దలిఫాలో నేల మీద పడుకున్న హాజీకి ఆ ఆశే లేదు. హజ్ మొత్తంలో మనిషి దారి తప్పే అవకాశం ఎక్కువున్నది ఆ రాత్రీ, ఆ మరుసటి పొద్దునే. ఫోన్ చచ్చిపోయేదీ సరిగ్గా అప్పుడే.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు నుంచి ఫోన్‌కు చేరేది ఆరు వేల పైచిలుకే. వోల్టేజీ మార్పులో, వేడిలో మిగతాది పోతుంది. 5,000 ఎంఏహెచ్ ఫోన్ ఉన్న ఒక మనిషికి ఆ ముప్పై గంటలు గడవడానికి అది చాలు. అయితే భార్యాభర్తలు ఇద్దరూ వెళ్తున్నప్పుడు ఒక పెద్దది కొనేసి అబ్బా బ్యాగులో పెట్టడం మన ఇళ్ల అలవాటు. అక్కడే పొరపాటు జరుగుతోంది. మినాలో మగవాళ్లకు, ఆడవాళ్లకు పడకలు విడివిడిగా ఉంటాయి. జమరాత్ జనంలో చెయ్యి విడిపోవడం ఎంతసేపు? చార్జర్ ఒకవైపు, అమ్మీ ఒకవైపు అవుతారు. 20,000ది ఒకటి కంటే 10,000వి రెండు మేలు, ఎవరిది వాళ్ల నడుము దగ్గరే ఉండాలి. మహ్రమ్ లేకుండా గుంపుగా వెళ్లే మహిళలకైతే ఇది మరీ ముఖ్యం. నలుగురికి ఒక పవర్ బ్యాంకు అని సర్దుకుంటే ఎవరో ఒకరు ఇబ్బంది పడతారు.

ఎండ సంగతి మర్చిపోతున్నారు

2024 జూన్ 17న మక్కా హరమ్ దగ్గర ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలు నమోదైంది. ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారని, వాళ్లలో 83 శాతం మంది పర్మిట్ లేకుండా వచ్చినవాళ్లేనని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. పర్మిట్ ఉంటే ఏసీ డేరా, బస్సు. లేకపోతే ఎండలో నడక. ఆ తర్వాత తనిఖీలు ఇంకా పెరిగాయి, నుసుక్ కార్డు చూపించనిదే పవిత్ర స్థలాల్లోకి పంపడం లేదు. కార్డు చేతికి ఇస్తారు, దాని డిజిటల్ రూపం ఫోన్‌లోనూ ఉంటుంది. చేతి కార్డు పోయిన రోజున ఆ ఫోనే ఆధారం.

అదే ఎండ ఫోన్‌నూ వదలదు. లిథియం బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకూడదు, ఆ వేడికి చాలా ఫోన్లు చార్జింగ్‌ను వాటంతట అవే ఆపేస్తాయి. ఐఫోన్‌ను 35 డిగ్రీలలోపు వాతావరణంలో వాడమని దాని కంపెనీయే చెప్తుంది. ఎహ్రామ్‌కు జేబులు ఉండవు కాబట్టి ఫోన్ బెల్టు పర్సులోకి పోతుంది. అక్కడ ఒంటి వేడి, చెమట, పైనుంచి ఎండ. అందులోనే కేబుల్ పెట్టి పవర్ బ్యాంకుతో చార్జ్ చేస్తే రెండూ నిప్పులా కాలతాయి. చార్జ్ ఎక్కట్లేదని కంగారుపడి ఫోన్‌ను ఫ్రిజ్‌లోనో, ఐస్ నీళ్ల సీసా మీదో పెట్టేవాళ్లూ ఉన్నారు. లోపల తేమ చేరి అసలుకే ఎసరు వస్తుంది. నీడకు తీసుకెళ్లి, కవర్ తీసి, పది నిమిషాలు స్విచాఫ్ చేసి ఉంచితే చాలు. ఎండ తగ్గాక, అసర్ తర్వాతో రాత్రో చార్జ్ చేసుకోవడం మంచి పద్ధతి.

బ్యాటరీ తినేసేది ఎండ ఒక్కటే కాదు. ఇక్కడ ఇంట్లో కూర్చున్న మనమూ తింటున్నాం. "అమ్మీ, కాబా చూపించు", "ఇంకొంచెం పక్కకు తిప్పు", "ఆగు, ఖాలాని కూడా కలుపుతా" అని రోజుకు నాలుగు వీడియో కాల్స్. లక్షల మంది ఒకే చోట ఉన్నప్పుడు సిగ్నల్ కోసం ఫోన్ ఎక్కువ శక్తి ఖర్చు పెడుతుంది, పైగా రెండు సిమ్‌లు, ఎండలో కనిపించడానికి స్క్రీన్ వెలుగు ఫుల్లు. అరఫాత్ రోజు తల్లిదండ్రులతో మాట్లాడాలని ఎవరికి ఉండదు? కానీ ఆ రెండు రోజులు మామూలు కాల్‌తో, ఒక వాయిస్ మెసేజ్‌తో సరిపెట్టుకుంటే వాళ్ల దుఆకూ టైం మిగులుతుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది.

ప్లగ్గు దగ్గర గొడవ

సౌదీలో కరెంటు 230 వోల్టులు, మన లాగే. ఫ్రీక్వెన్సీ మాత్రం 60 హెర్ట్జ్, మనది 50. పాత భవనాల్లో తక్కువ వోల్టేజీ పాయింట్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. ఫోన్ చార్జర్‌కు వీటితో పేచీ లేదు. దాని మీద చిన్న అక్షరాలతో 100 నుంచి 240 వోల్టులు, 50, 60 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. అలా రాసి ఉన్నది ఎక్కడైనా పనిచేస్తుంది. రాసి లేనివాటితోనే జాగ్రత్త. ఆస్తమా ఉన్నవాళ్లు తీసుకెళ్లే నెబ్యులైజర్ లాంటి మోటారు యంత్రాల మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే కంపెనీవాళ్లను అడగకుండా అక్కడ పెట్టొద్దు. ఊపిరి అందనప్పుడు వాడాల్సిన వస్తువు మీద ప్రయోగాలు చేయకూడదు కదా. నిద్రలో వాడే శ్వాస యంత్రాల లేబుల్ కూడా ఇంటి దగ్గరే చూసుకోవాలి.

అసలు తేడా ప్లగ్గు ఆకారంలో ఉంది. ఎక్కువ చోట్ల ఉండేది బ్రిటిష్ పద్ధతి టైప్-జి. మూడు చదునైన పిన్నులు, ప్లగ్గులోనే ఫ్యూజు. దుబాయ్, ఖతర్, కువైట్‌లోనూ ఇదే కాబట్టి గల్ఫ్‌లో మనిషి ఉన్న జగిత్యాల, నిజామాబాద్, కడప ఇళ్లలో ఈ ప్లగ్గులు కొత్త కాదు. అల్మారాలో ఒకటైనా మూలన పడి ఉంటుంది. ఈ సాకెట్‌లో కింది రెండు రంధ్రాలకు లోపల మూత ఉంటుంది, పైనున్న ఎర్త్ పిన్ను లోపలికి పోతేనే అది తెరుచుకుంటుంది. మన రెండు గుండ్రటి పిన్నుల చార్జర్ దూరదు. అప్పుడు చాలామంది చేసే పని, పై రంధ్రంలో పెన్నో, అగ్గిపుల్లో గుచ్చి మూత తెరిచి చార్జర్‌ను దూర్చడం. గల్ఫ్ బ్యాచిలర్ రూముల్లో ఇది రోజూ జరిగేదే, నేర్పించేవాళ్లూ ఉంటారు. పిన్ను వదులుగా కూర్చుంటుంది, నిప్పురవ్వలు వస్తాయి, తడి చెయ్యి అయితే షాక్ కూడా. పది, పదిహేను రియాళ్ల వస్తువు దగ్గర పొదుపు పనికిరాదు. మక్కా, మదీనాల్లో ఏ మొబైల్ షాపులో అయినా టైప్-జి చార్జర్ దొరుకుతుంది. లేదంటే ఇక్కడి నుంచే మంచి అడాప్టర్ ఒకటి, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకుపోతే గదిలో నలుగురి ఫోన్లూ ఎక్కుతాయి.

ఆ బోర్డు ఫోన్లకే. దాన్లో కెటిల్ పెట్టొద్దు. 1,500 వాట్ల కెటిల్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, మన మామూలు బోర్డు వైరు 6 ఆంపియర్లది. వైరు వేడెక్కి, ప్లాస్టిక్ కరిగే వాసన వచ్చేదాకా ఎవరూ చూడరు. మినాలో 1997 ఏప్రిల్ 15న జరిగిన అగ్నిప్రమాదంలో 343 మంది ప్రాణాలు పోయాయి. అప్పుడు కారణం గ్యాస్ పొయ్యి. ఆ తర్వాతే నిప్పు అంటుకోని డేరాలు వచ్చాయి, లోపల గ్యాస్ వంట ఆగింది. డేరా బట్ట అంటుకోకపోయినా లోపలున్న పరుపులు, సంచులు, బట్టలు అంటుకుంటాయి. ఒక పాయింట్ మీద మూడు బోర్డులు గొలుసులా కట్టి పాతిక ఫోన్లు వేలాడదీయడం చూసి కూడా ఊరుకునే అలవాటు మారాలి. అయితే తప్పంతా హాజీలదే అనలేం. డేరాలో మనుషులకు తగ్గట్టు పాయింట్లు లేనప్పుడు జనం ఇలాగే చేస్తారు.

ఇంకో భయం ఎయిర్‌పోర్టుల్లో, మాల్స్‌లో ఉండే ఉచిత యూఎస్‌బీ పోర్టుల గురించి. వాటి ద్వారా ఫోన్‌లోని సమాచారం దొంగిలించవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2022లో విడుదల చేసిన పుస్తకంలో హెచ్చరించింది. వాట్సాప్‌లో తిరుగుతున్నంత భయం అక్కర్లేదు గానీ, సొంత చార్జర్‌ను గోడ ప్లగ్గులో పెట్టుకుంటే ఆ అనుమానమే ఉండదు. పోర్టు వాడక తప్పకపోతే, ఫోన్ అడిగినప్పుడు చార్జింగ్ మాత్రమే అన్నది ఎంచుకోవాలి. అంతకంటే దగ్గరగా ఉన్న ప్రమాదం, ఫోన్‌ను చార్జింగ్‌కు పెట్టి నమాజుకు లేచి వెళ్లిపోవడం. తిరిగొచ్చేసరికి కేబుల్ ఒక్కటే మిగులుతుంది. ఇక మసీదు గోడకున్న ప్లగ్గు విషయం. ఆ కరెంటు మసీదుది, అంటే అందరి అమానత్. అక్కడి ఖాదిమ్‌ను ఒక మాట అడిగి పెట్టుకోవడంలో పోయేదేమీ లేదు. నడిచే దారికి అడ్డంగా కేబుల్ పరిచి ఎవరైనా తట్టుకుని పడితే ఆ తప్పు ఎవరి మీద పడుతుంది?

శిక్షణలో అరగంట ఇవ్వలేరా?

హజ్ శిక్షణ శిబిరాల్లో మనాసిక్ చెప్తారు, ఎహ్రామ్ కట్టడం చూపిస్తారు, టీకాల గురించి చెప్తారు. చెప్పాల్సిందే. ఫోన్ విషయానికి వస్తే యాప్ డౌన్‌లోడ్ చేయించడంతో ఆగిపోకూడదు. ఒక టైప్-జి సాకెట్ చెక్క మీద బిగించి ముందు పెడితే చాలు, వెయ్యి రూపాయల ఖర్చు కూడా కాదు. పెద్దవాళ్లు తమ చేత్తో ఒకసారి ప్లగ్గు పెట్టి చూస్తారు. పవర్ బ్యాంకు మీద అంకె ఎక్కడుంటుందో, కేబుల్ ఏ వైపు పెట్టాలో, బ్యాటరీ సేవర్ ఎలా ఆన్ చేయాలో అరగంటలో నేర్పొచ్చు. ఇంట్లో పిల్లలు నేర్పిస్తారులే అనుకుంటే, ఆ పిల్లల్లో సగం మంది గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటున్నారు.

లక్షల రూపాయలు కట్టించుకునే ప్రైవేటు టూర్ ఆపరేటర్లనైతే సూటిగానే అడగొచ్చు. గదికి ఎన్ని ప్లగ్ పాయింట్లు ఉన్నాయి, మినా డేరాలో చార్జింగ్ ఏర్పాటు ఏమిటి, అడాప్టర్ మీరిస్తారా? బ్యాగు, గొడుగు, పేరు రాసిన పట్టీ ఇస్తున్నవాళ్లు అడాప్టర్ కూడా ఇవ్వగలరు. ప్యాకేజీ మాట్లాడేటప్పుడే ఈ మాట అనాలి, డబ్బు కట్టాక కాదు.

కాగితం మాత్రం వదలొద్దు. ఉంటున్న బిల్డింగ్ పేరు, నంబరు, మినా డేరా వివరం, గ్రూప్ లీడర్ ఫోన్, ఇంటి నుంచి ఒక నంబరు, వేసుకునే మందుల పేర్లు. పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మెడలో వేయాలి. పాస్‌పోర్టు, వీసా జిరాక్స్ వేరే బ్యాగులో. రౌజా స్లాట్ దొరికాక దాన్ని స్క్రీన్‌షాట్ తీసి తోడున్నవాళ్ల ఫోన్‌లోకి కూడా పంపాలి. గేటు దగ్గర యాప్‌లోదే చూపించమన్నా, కనీసం ఏ టైముకు ఏ గేటో తెలుస్తుంది.

తిరుగు ప్రయాణంలో ఇంకోసారి జాగ్రత్త పడాలి. హజ్ కమిటీ ద్వారా వెళ్లినవాళ్ల లగేజీని విమానానికి ముందుగానే బిల్డింగ్ దగ్గర తీసుకెళ్లే పద్ధతి ఉంది. ఖర్జూరాలు, జానమాజ్‌లు, పిల్లల బొమ్మలు సర్దే హడావిడిలో పవర్ బ్యాంకు అందులోకి జారిపోతుంది. మనవడికి కొన్న బ్లూటూత్ స్పీకర్, కొత్త ఫోన్ కూడా చేతి సంచిలోకే తీసుకోవడం మంచిది. లారీ వెళ్లిపోయాక గుర్తొస్తే జెడ్డాలో పెట్టె తెరిపిస్తారు, లేదా పెట్టె అక్కడే ఆగిపోతుంది. తాళం వేసే ముందు ఆ ఒక్క వస్తువు కోసం పెట్టెలో ఇంకోసారి చెయ్యి పెట్టి చూసుకోమని వాళ్లకు ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాలి.